మూగబొమ్మకు నోరైనవాడు – ముసెయి తొకుగావా చరిత్రము

ఈ వార్షికసంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని కార్యదర్శులు కోరిరి. చరిత్రమనగానే రాజులు, యుద్ధములు, శాసనములు మనకు స్ఫురించుట సహజము. మేము వానిని విడిచి, ఒక మనుష్యుని కంఠస్వరముయొక్క చరిత్రమును వ్రాయ నిశ్చయించుకొంటిమి. ఇట్లేల చేసితిమో చెప్పుటకు మా బాల్యమునాటి ముచ్చట యొకటి ముందుగా మనవి చేయవలసియున్నది.

మా యూరి సినిమాహాలునకు క్రొత్తచిత్రము వచ్చినప్పుడెల్ల, రిక్షాకు రెండువైపుల బొమ్మల అట్టలు గట్టి, లోపల నొక మనుష్యుని మైకుతో కూర్చుండబెట్టి వీధివీధికి పంపుచుండెడివారు. ఆయన చిత్రము పేరు, నటుల పేర్లు చెప్పి యూరకుండువాడు కాడు. కథను సగము చెప్పి, సరిగా కథానాయకుడు చిక్కులో పడినచోట ఆపి, మిగిలినది వెండితెరపై చూడుడనెడివాడు. మేము పలక చంకబెట్టుకొని ఆ రిక్షావెంట మూడువీధులు పరుగెత్తెడివారము. కొన్నియేండ్లకు ముందుగానే పలికించి పట్టియుంచిన టేపు వచ్చినది. రిక్షా తిరుగుచునే యుండెను. మైకు మ్రోగుచునే యుండెను. మనుష్యుడు మాత్రము లేడు. ఆయన యేమయ్యెనో మాలో నొక్కడును అడుగలేదు. అడుగకపోవుట తప్పని అఱువదియేండ్లు దాటినపిమ్మట మాకు తోచినది.

యంత్రము వచ్చి మనుష్యుని నోటిమాటను త్రోసివేయుట మా యూరికి మాత్రమే కలిగిన వింత కాదు. దీనికంటె మిక్కిలి పెద్దయుదాహరణము జపానుదేశమున గలదు. అచట వేలకొలది కంఠములు కొలదియేండ్లలో పని గోల్పోయినవి. ఆ కంఠములలో నొకటి మాత్రము తెరప్రక్కనుండి రేడియోలోనికి నడచి, మఱి పెక్కేండ్లు దేశమంతయు వినునట్లు పలికెను. ఆ కంఠమువాడు ముసెయి తొకుగావా.

చలనచిత్రము జపానునకు 1896లో వచ్చినది. నాటి చిత్రములకు ధ్వని లేదు. ఐరోపా, అమెరికాదేశములవారు దృశ్యములనడుమ అక్షరముల పలకలు చూపి, ప్రక్కన వాద్యములు వాయించి పని గడుపుకొనిరి. జపానువారికి అది చాలలేదు. వారు తెరప్రక్కన నొక మనుష్యుని నిలిపిరి. అతడు చీకటిలో చిన్నదీపపు వెలుతురున నిలువబడి, కథ చెప్పును. తెరమీద పురుషుడు పెదవి కదపగా పురుషునివలెను, స్త్రీ పెదవి కదపగా స్త్రీవలెను పలుకును. పరదేశపు ఆచారమేదైన కానవచ్చినచో దానిని వివరించును. ఇట్టివానికి వారిభాషలో బెన్షి యని పేరు.

ఈ యేర్పాటు వారికి క్రొత్తది కాదు. వారి ప్రాచీనమైన బొమ్మలాటయందు బొమ్మల నాడించువారు వేఱు, కథ పలుకువాడు వేఱు. పలుకువాడు ప్రక్కనున్న పీఠముపై కూర్చుండి, షమిసెన్ అను మూడుతంత్రుల వాద్యము తోడుగా, పాత్రలన్నిటికి తానే గొంతు నిచ్చును. మన తోలుబొమ్మలాట నెఱిగినవారికి ఇది చప్పున బోధపడును. చలనచిత్రము వచ్చినప్పుడు వారికది క్రొత్తరకపు బొమ్మలాటగా తోచినది. బొమ్మ యున్నచోట పలుకువాడుండవలదా యనుకొనిరి. మన సంస్కృతనాటకమునందు సూత్రధారుడు ప్రస్తావన ముగియగానే రంగమునుండి తొలగిపోవును. బెన్షి యన్ననో, మంగళమువఱకు తొలగని సూత్రధారుడు.

కాలక్రమమున ఈ వృత్తికి గొప్పగౌరవము కలిగినది. హాలు ముంగిట ప్రకటనలలో నటుల పేర్లతోపాటు బెన్షి పేరును పెద్దయక్షరములతో వేయుచుండిరి. ఒకే చిత్రము రెండుహాళ్ల నాడుచున్నచో, ఎచట నెవరు పలుకుచున్నారో విచారించి జనులు పోవుచుండిరి. 1917లో తొక్యోనగరపు పోలీసువారు చలనచిత్రప్రదర్శనలకు నిబంధనలు విధించి, అనుమతిపత్రము లేనిదే బెన్షిపని చేయరాదని శాసించిరి. జనులపై ఆ మాటలకెంత పట్టుండెనో దీనివలననే తెలియుచున్నది. 1927నాటికి ఆ దేశమున 6,818 మంది బెన్షులుండిరి; అందు 180 మంది స్త్రీలు.

ఇక మన కథానాయకుని విషయము. ఆయన 1894వ సంవత్సరము ఏప్రిలునెలలో షిమానేసీమయందలి మసుదాపట్టణమున జన్మించెను. తలిదండ్రులు పెట్టినపేరు తొషియో, ఇంటిపేరు ఫుకుహరా. బాల్యముననే తొక్యోనగరమునకు వచ్చి చదువుకొనెను. ఉన్నతవిద్యాలయప్రవేశపరీక్షయందు తప్పెను. మాకు ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుపని యగుటచే, ఈ మాట వ్రాయునప్పుడు లేఖిని యొకింత ఆగినది. పరీక్షలో తప్పిన పిల్లలయెడ మే మాడిన మాటలు కొన్ని జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగినది.

1913లో ఆయన యొక బెన్షికి శిష్యుడై వృత్తిలో ప్రవేశించెను. 1915లో తొక్యోలోని అకసాకాపేటయందున్న అఓయికాన్ అను హాలునకు వచ్చెను. అఓయి యనునది యొక మొక్కపేరు. దాని యాకులే 1603 మొదలు 1868 వఱకు ఆ దేశమును పాలించిన తొకుగావావంశపు ముద్రిక. ఆ హాలులో పలుకువాడు గావున ఆయనకు తొకుగావా యని పేరు పెట్టిరి. వంశవృక్షములు వ్రాయించుకొను మన బంధువులు ఈ సంగతిని గమనింతురు గాక! రాజవంశపుపేరు రక్తమునుండి కాక హాలు పేరులోని యాకునుండి వచ్చినది. వచ్చి, దానిని ధరించినవాని పనిచేత నిలిచినది. ముసెయి యనుచోట రెండక్షరములున్నవి. మొదటిదానికి స్వప్నమనియు, రెండవదానికి స్వరమనియు అర్థము. స్వప్నస్వరుడు! చీకటిహాలులో బొమ్మలకు గొంతు నిచ్చువానికి ఇంతకంటె తగినపేరు మే మెఱుగము.

ఆ కాలపు బెన్షులలో పెక్కండ్రు గంభీరముగ, రాగయుక్తముగ పలుకుచుండిరి. ఏడు, అయిదు అక్షరముల తూగుతో మాటలను పాటవలె సాగదీసి, దుఃఖఘట్టములలో వినువారి కన్నీరు పిండుచుండిరి. చిత్రము మొదలుకాకమునుపే వేదికపై నిలిచి దీర్ఘముగ ఉపోద్ఘాతము చెప్పుట యొక యాచారమై యుండెను. ముసెయి ఈ రెండింటిని తగ్గించినవారిలో ముఖ్యుడు. ఆయన మామూలు మాటలతో, గొంతెత్తక, కావలసినంతయే పలికెను. తెరమీది ముఖము చెప్పుచున్నదానిని తాను మఱల చెప్పకుండెను. జర్మనీదేశపు డాక్టరు కాలిగారి యను భయానకచిత్రము 1921లో జపానున ప్రదర్శింపబడగా, దానికి ఆయన పలికినతీరు మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. వంకరగోడలు, వంకరనీడలు గల యా చిత్రమునకు బిగ్గఱగా పలుకువాడు పనికిరాడు. మెల్లగా పలుకువాడే భయపెట్టగలడు.

మన శిక్షాశాస్త్రమున చదువరికి గల గుణములను, దోషములను పూర్వులు లెక్కపెట్టి చెప్పిరి. పాడుచు చదువుట దోషము. తొందరపడుట దోషము. తల యూపుచు చదువుట దోషము. అర్థమెఱుగక చదువుట దోషము. అక్షరము స్పష్టముగ వినబడుట, పదమును పదమునుండి విడదీయుట, ధైర్యము గలిగియుండుట గుణములు. సముద్రముల కావల నుండి, ఈ శాస్త్రముపే రెఱుగకయే, ముసెయి ఆ దోషములను విడిచి ఆ గుణముల నలవఱచుకొనెను. సాధన సత్యమైనచో దారులు వేఱైనను చేరుచోటు ఒక్కటియే యని మా యభిప్రాయము.

ఇట్లుండగా ధ్వనిచిత్రము వచ్చినది. 1929లో పరదేశపు మాటలచిత్రములు తొక్యోలో ప్రదర్శింపబడినవి. వాని మాటలు జనులకు తెలియవు గనుక, కొన్నాళ్లు బెన్షులు ఆ ధ్వనిమీదనే తమ గొంతు నెత్తి పలుకజూచిరి. ఒక హాలులో రెండుగొంతులు పోరాడినచో వినువానికి ఏదియు వినబడదు. 1931లో మొరాకో యను అమెరికాచిత్రము అడుగున జపానుభాషలో అక్షరములతో వచ్చినది. ఆ సంవత్సరముననే వారి స్వభాషలో ధ్వనిచిత్రము విజయవంతమైనది. హాలు యజమానులకు లెక్క సులభమైపోయినది. పలుకువానికి జీతమేల? వాద్యగాండ్రకు జీతమేల? డబ్బాలో వచ్చిన చిత్రమే పలుకుచున్నది, వాయించుచున్నది గదా!

1932లో తొక్యోనగరమున బెన్షులును, వాద్యగాండ్రును సమ్మె కట్టిరి. ఆ సంవత్సరము మనకును జ్ఞాపకముంచుకొనదగినది. భక్త ప్రహ్లాద యను మన తొలి తెలుగు మాటలచిత్రము 1932లోనే విడుదలయైనది. బొమ్మ తెలుగున మాటలాడెనని మనవా రానందించిన యేడే, బొమ్మ మాటలాడెనను కారణముచేత అచట వేలకుటుంబములు వీధిని పడుచుండెను. మన దక్షిణదేశపు డేరాలలో సయితము మూకీచిత్రములకు కథ చెప్పువారుండిరి. వారి సంఖ్య యెంతయో, వారు పిమ్మట నేమి చేసి బ్రదికిరో వ్రాసిపెట్టినవారు లేరు. మన యానందము నిజమైనదే. దానిక్రింద మఱచిపోయిన మనుష్యులుండుటయు నిజమే.

ఆ సమ్మె ఫలింపలేదు. పనివాడు పని మానినచో యజమానునకు నష్టము కలిగినప్పుడే సమ్మెకు బలము. ఇచట పనివాడు మానినను బొమ్మ తనపని తాను చేసికొనుచుండెను. జపానున మూకీచిత్రముల నిర్మాణము మఱి కొన్నియేండ్లు సాగినందున చిన్నయూళ్లలో కొందఱికి కొంతకాలము కూడు దొరకినది. పని పోయినవారిలో పెక్కండ్రు కామిషిబాయి పట్టిరి. సైకిలుమీద చిన్న కొయ్యపెట్టె నుంచుకొని, అందలి బొమ్మలకాగితములను ఒకటి వెనుక నొకటి చూపుచు, వీధిపిల్లలకు కథ చెప్పి, మిఠాయి లమ్ముకొని జీవించుటయే ఆ వృత్తి. పెద్దహాలు పోయి పెట్టె మిగిలినది. తెర పోయి కాగితము మిగిలినది. కథ చెప్పెడి గొంతు మాత్రము అదియే.

కొందఱికి అదియు చేత గాలేదు. ఆ సమ్మెకు నాయకత్వము వహించినవారిలో హెయిగో కురోసావా యను యువకుడుండెను. మంచి చదువరి, పరదేశచిత్రములకు పేరుపొందిన బెన్షి. తమ్ముని వెంటబెట్టుకొని పోయి గొప్పచిత్రములను చూపి, వానియందలి మంచిచెడ్డలను తెలిపినవాడు. ఒకప్రక్క తోడివారి యాశ లాయనమీద నుండెను. మఱియొకప్రక్క గెలుపులేని యుద్ధము నడుపవలసివచ్చెను. 1933వ సంవత్సరము జూలైనెలలో ఆయన తనప్రాణములను తానే తీసికొనెను. అప్పటికి వయస్సు ఇరువదియేడు. మనుష్యుని మరణమునకు ఇదియొక్కటియే కారణమని నిర్ణయించుట సాహసము. మే మట్లు చేయము. పని పోయిననాడు ఆయనచుట్టు చీకటి యెక్కువైనదని మాత్రము చెప్పగలము. ఆ తమ్ముడే పిమ్మట లోకవిఖ్యాతుడైన చలనచిత్రదర్శకుడు అకీరా కురోసావా.

ముసెయికిని ఆ దెబ్బ తప్పలేదు. ఆయనయు హాలును విడువవలసివచ్చెను. నలువదవయేట అడుగిడుచున్నవాడు, ఇరువదియేండ్లుగా చేసిన పని యొక్కటియే, ఆ పని ఇక లోకమునకు అక్కఱలేదు. 1933లో అసకుసాపేటయందు ఫురుకావా రొప్పా మొదలగువారితో గూడి హాస్యనాటకసమాజమున చేరెను. ఒంటరిగ వేదికపై నిలిచి హాస్యప్రసంగములు చేసెను. నాటకములలోను, చిత్రములలోను వేషములు వేసెను. తన వృత్తిని చంపిన ధ్వనిచిత్రమునందే నటుడయ్యెను. ఇది లొంగిపోవుట యని కొందఱనవచ్చును. మాకట్లు తోచదు. తన కళ హాలులో లేదు, తనయందున్నదని ఆయన గ్రహించెనని మా తలంపు.

1938లో ఒక పేదపిల్ల వ్రాసిన బడివ్రాతలను ఆధారముగ గొని తీసిన చిత్రమున ఆయన యా బాలిక తండ్రిగ నటించెను. ఆ చిత్రమునకు సహాయకుడుగా పనిచేయుచున్నవాడు అకీరా కురోసావా. ఒకనాడు ముసెయి ఆ యువకుని తేఱిపాఱ జూచి, నీవు అచ్చముగ మీ యన్నవలెనే యున్నావు, ఐతే ఆతడు నెగటివు, నీవు పాజిటివు అనెనట. ఛాయాచిత్రపువిద్య నెఱిగినవారికి ఈ మాట తేటపడును. నెగటివునందు వెలుగున్నచోట చీకటియు, చీకటియున్నచోట వెలుగును ఉండును. ఐనను అది లేనిదే మంచిబొమ్మ యచ్చుపడదు. అన్న యనెడి నెగటివు ఉండుటవలననే తాను వెలుగుబొమ్మగా రూపొందితినని అకీరా తన జీవితకథలో తలపోసికొనెను. ఓడిపోయిన వృత్తియొక్క శేషము మఱియొక కళలో నెట్లు మొలకెత్తునో తెలుపుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

1939లో ముసెయికి తన నిజమైన రెండవజన్మ కలిగినది. ఎయిజి యోషికావా వ్రాసిన మియామొతో ముసాషి యను బృహన్నవల 1935 మొదలు 1939 వఱకు అసాహి పత్రికలో ప్రకటింపబడి యింటింట చదువబడినది. పూర్వకాలపు ఖడ్గవీరుని కథ యది. దానిని రేడియోలో చదువుటకు ముసెయి నియమింపబడెను. మూకీచిత్రమునకు బొమ్మ యుండి గొంతు లేదు. రేడియోకు గొంతుండి బొమ్మ లేదు. ఇరువదియేండ్లు బొమ్మలకు గొంతు నిచ్చినవాడు ఇప్పుడు గొంతుతోనే బొమ్మ కట్టవలసివచ్చెను. ఆయన తొందరపడలేదు. కత్తి యొరనుండి వెలువడుటకు ముందు ఆగెను. ఆ యాగుటలోనే వినువారు కత్తిని జూచిరి. మాటకును మాటకును నడుమనున్న విరామమును వారిభాషలో మా యందురు. మాటలాడువిద్యపై ఆయన వ్రాసిన గ్రంథమునందు ఈ విరామమునకే యగ్రస్థాన మిచ్చెను. తెరప్రక్కన నిలిచి, ఎచట పలుకరాదో నేర్చుకొన్నవిద్య రేడియోపెట్టెముందు కూర్చున్నప్పుడు అక్కఱకు వచ్చినది.

ఒకటి దాచరాదు. ఆ పఠనము యుద్ధకాలముననుగూడ సాగినది. అప్పుడు ఆ దేశపు రేడియో ప్రభుత్వపు చెప్పుచేతలలో నుండెను. వీరగాథలకు వారు వేఱుప్రయోజనములను చూచిరి. కంఠమునకు అధికారము వచ్చినప్పుడు దానిని వాడుకొన జూచువారును వత్తురు. ముసెయి ఆ సంవత్సరములలో వ్రాసికొన్న దినచర్య తరువాత అచ్చయి, నాటి సామాన్యజీవితమునకు సాక్ష్యముగ నిలిచినది.

యుద్ధము ముగిసినపిమ్మట 1946లో ప్రారంభమైన హనాషి నో ఇజుమి, అనగా ముచ్చటల యూట యను రేడియో ప్రశ్నోత్తరకార్యక్రమమున ఆయన ప్రముఖుడై, ఇంటింట చుట్టమయ్యెను. ఒక వారపత్రికలో 1950వ దశకమున పలువురు ప్రముఖులతో సంభాషణములు నడిపెను. 1955లో కికుచి కాన్ పురస్కారమును పొందెను. పరీక్షలో తప్పినవానికి, పని పోయినవానికి, దేశము ఈ రీతిగ బదులు చెప్పినది. 1971వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన, తన డెబ్బదియేడవయేట ఆయన కాలధర్మము నొందెను.

మనదేశమునను కంఠముచేతనే ప్రసిద్ధులైనవారు లేకపోలేదు. చెన్నపట్టణమున ఆకాశవాణి 1938లోను, విజయవాడయందు 1948లోను ప్రసారములు మొదలుపెట్టినవి. తెనాలిప్రాంతపువాడైన కొంగర జగ్గయ్యగారు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగున వార్తలు చదివి, పిమ్మట చలనచిత్రములలో ప్రవేశించి, తన గంభీరకంఠముచేత ఆంధ్రుల యాదర మందిరి. ముసెయి తెరనుండి రేడియోకు బోగా, వీరు రేడియోనుండి తెరకు వచ్చిరి. దారి యేదైనను, ముందు గొంతు సాధనచేయబడినది; పిమ్మట యంత్రము దానిని మోసినది.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినదేమి? సమర్థుడు నిలుచును, అసమర్థుడు పోవును అని సులభముగ తీర్పు చెప్పువారుందురు. మేము దాని నంగీకరింపము. హెయిగో అసమర్థుడు కాడు. మిఠాయిపెట్టె మోసినవారు అసమర్థులు కారు. ముసెయికి పేరుండెను, పేరున్నవానికి తలుపులు తెఱచువారుందురు. హాస్యసమాజమువా రొకరు, చిత్రనిర్మాత యొకరు, రేడియోవా రొకరు పిలిచినందుననే ఆయన విద్య మఱల పలికినది. ఆఱువేలయెనిమిదివందలమందిలో తక్కినవారిని పిలిచినవా రెందఱు? విద్య విద్వాంసునియందే యుండును గాని, దానికి చోటు చూపువారు మాత్రము బయటివారే. పోషకులనుమాటకు అర్థ మిదియే యని మా విన్నపము.

మనలోను చేతిపని, నోటిపని నమ్ముకొని బ్రదికినవారు పెక్కుమంది కలరు. యంత్రములు వచ్చుచున్నవి, ఇకముందును వచ్చును. నేడు మనుష్యుని గొంతును అనుకరించి పలుకు యంత్రములు సయితము పుట్టినవి. వానిని నిందించి ప్రయోజనము లేదు. మహాసభలయందు సత్కారములు చేయునప్పుడు వెలుగులో నున్నవారిని పిలుచుట మనకు తెలిసినదే. పని పోయినవానిని సయితము పేరుపెట్టి పిలిచి, ఆతనివిద్యకు మఱియొకచోటు చూపుట మన సంఘము చేయదగిన పనియని తలంతుము. కథలు, పాటలు, పనిమాటలు తెలిసిన పెద్దల కంఠములను పట్టియుంచి భద్రపఱచుట ఇప్పుడు కొలదివ్యయముతో నయ్యెడి పని. ఆ కంఠములు నిలిచియుండగానే దానిని చేయవలయును.

మా యూరి రిక్షాలోనివానిపేరు కూడ మాకు తెలియదు. కథను సగమున ఆపి పోయెడివాడు. తనకథయు మాకు సగమే తెలిసినది. ఈ వ్యాసమును జదివినవారిలో నొక్కరైనను తమ యూరియందలి యట్టివానియింటికి పోయి, అయ్యా, ఇప్పుడేమి చేయుచున్నారని యడిగినచో మా శ్రమ ఫలించినట్లే. దోషములున్నచో విజ్ఞులు మన్నింతురు గాక.